ఓటు ఊళ్లోనా, బెంగళూరులోనా? తేల్చుకుని సరిచేసుకునే పద్ధతి

2024 ఏప్రిల్ 26న బెంగళూరులో లోక్‌సభ పోలింగ్ శుక్రవారం పడింది. మర్నాడు నాలుగో శనివారం, ఆపైన ఆదివారం. సెంట్రల్, నార్త్, సౌత్ మూడు నియోజకవర్గాల్లోనూ పోలింగ్ 53, 54 శాతం దగ్గరే ఆగింది. సెలవులు కలిసొచ్చాయని జనం షికార్లకు పోయారని అందరూ తిట్టిపోశారు. పదిహేడు రోజుల తర్వాత, మే 13న, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ సోమవారం. ముందు రోజు ఆదివారం, దానికి ముందు రెండో శనివారం. అవే మూడు రోజులు. ఇక్కడినుంచి బయల్దేరిన బస్సులు, రైళ్లు కిటకిటలాడాయి, అక్కడ పోలింగ్ 80 శాతం దాటింది. అసెంబ్లీకి కూడా కలిపి జరిగిన ఎన్నిక కాబట్టి అక్కడ వేడి ఎక్కువే, ఒప్పుకోవాలి. అయినా సెలవిస్తే ఓటేస్తారన్న మాటా, సెలవిస్తే ఎగ్గొడతారన్న మాటా రెండూ నిలవవని ఈ రెండు తేదీలు చూస్తే తెలుస్తుంది.

బెంగళూరు తెలుగువాళ్ల సంగతి వేరు. కొందరి పేరు ఊళ్లో ఉంది, కొందరిది ఇక్కడ ఉంది, చాలామందిది రెండుచోట్లా ఉంది, ఇల్లు మారి మారి ఎక్కడా లేనివాళ్లూ ఉన్నారు. ఓటు తప్పనిసరి చేయాలా వద్దా అని వాదించుకునే ముందు జాబితాలో మన పేరు ఒక్కచోట, సరైన చోట ఉండేలా చూసుకోవాలి. అప్పటిదాకా ఆ వాదనకు కాళ్లు లేవు. పని పెద్దదేమీ కాదు, కానీ ఫోన్‌లో ఫారం నింపేయడంతో అయిపోయేదీ కాదు.

ముందు ఎక్కడో తేల్చుకోండి

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం లెక్కలో ఓటు మీరు మామూలుగా నివసించే చోట ఉండాలి. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని 20వ సెక్షన్ చెబుతుంది. కొన్నాళ్లు వేరేచోట ఉన్నంత మాత్రాన నివాసం పోయినట్టూ కాదని అదే సెక్షన్ అంటుంది. మధ్యలో పడ్డవాళ్లు తమ స్థితి చూసుకుని నిజాయితీగా తేల్చుకోవాలి. ఏడాదిపాటు ప్రాజెక్టు మీద వచ్చి పీజీలో ఉంటున్నవాళ్లు ఊళ్లో ఉంచుకోవచ్చు. పిల్లలు ఇక్కడ బడిలో చేరి, ఎనిమిదేళ్లుగా కె.ఆర్.పురంలో ఉంటున్నవాళ్ల ఓటు ఇక్కడే ఉండాలి. చదువుకునే పిల్లలకు మాత్రం వెసులుబాటు ఉంది: అమ్మానాన్నల ఇంటి దగ్గరైనా, హాస్టల్ ఉన్న చోటైనా నమోదు చేసుకోవచ్చు, ఏదో ఒక్కచోటే.

ఊళ్లో ఓటు తీయించుకోవడానికి జంకే కారణాలు అందరికీ తెలిసినవే. రేషన్ కార్డు పోతుందని, అమ్మ పింఛను ఆగుతుందని, పొలం పాస్‌బుక్‌కు ఇబ్బందవుతుందని. ఓటరు జాబితా ఎన్నికల సంఘం కింద వేరే చట్టంతో నడిచేది, పాస్‌బుక్‌కు దానితో సంబంధం లేదు. పిల్లలకు ఆంధ్రలోనో తెలంగాణలోనో కాలేజీ సీటు కోసం చూసే స్థానికత రాజ్యాంగంలోని 371-డి అధికరణం ప్రకారం వచ్చేది, అది ముఖ్యంగా చదివిన సంవత్సరాలను బట్టి ఉంటుంది, నాన్న ఓటును బట్టి కాదు. అసలు అడ్డు మొహమాటం. "మనోడి ఓటు తగ్గిపోయిందేంటి" అని ఊళ్లో అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక రెండుచోట్లా ఉంచేసుకుంటారు.

రెండుచోట్లా పేరుండటం నేరం కిందికి రాగలదు. 17వ సెక్షన్ ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదంటుంది. కొత్త నమోదు ఫారంలో "నా పేరు ఇంకెక్కడా లేదు" అని సంతకం చేస్తారు కదా, అది అబద్ధమైతే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండుచోట్లా ఓటు వేద్దామన్నా సిరా ఊరుకోదు. మైసూరు పెయింట్స్ వాళ్లు 1962 నుంచి చేస్తున్న ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. చర్మం మీద కొద్దిరోజుల్లో పోయినా గోరు పెరిగి వెళ్లేదాకా గోటి మీద మరక ఉంటుంది. ఏప్రిల్ 26న ఇక్కడ వేయించుకున్న గుర్తు మే 13కి మాయం కాదు. ఎడమ చూపుడు వేలు మీద అప్పటికే గుర్తుంటే, లేదా వేలు చూపించనంటే, ఓటు వేయనివ్వకూడదని నిబంధన స్పష్టంగా ఉంది.

పేరు ఎక్కడుందో వెతకడం

ఎలక్టోరల్‌సెర్చ్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మూడు దారులు ఉంటాయి: ఎపిక్ నంబరుతో, వివరాలతో, మొబైల్ నంబరుతో. ఎపిక్ అంటే ఓటరు కార్డు మీద ఉండే నంబరు, మూడు అక్షరాలు, ఏడు అంకెలు. వాటిలో ఇంగ్లిష్ "O" అక్షరానికీ సున్నాకీ తేడా చూసుకోకుండా కొట్టి "రికార్డు లేదు" అని కంగారుపడేవాళ్లు ఎక్కువ. మొదటి మూడూ అక్షరాలే, తర్వాతివన్నీ అంకెలే. చాలా పాత కార్డుల మీద ఏపీ అని మొదలై గీతలతో పొడుగ్గా ఉండే నంబరు ఇప్పుడు పనిచేయకపోవచ్చు. అప్పుడు వివరాలతో వెతికితే మారిన నంబరు బయటపడుతుంది.

వివరాలతో వెతికేటప్పుడు ఇంటిపేరు వదిలేసి ఒక్క పేరే ఇవ్వండి, తండ్రి లేదా భర్త పేరు కూడా సగమే ఇవ్వండి. ఎంత ఎక్కువ నింపితే అంత తక్కువ దొరుకుతుంది, ఎందుకంటే స్పెల్లింగ్ ఒక్కటి కలవకపోయినా పేరు రాదు. వయసు కూడా ఏడాది అటూ ఇటూ మార్చి చూడండి. ఈ వెతుకులాట రెండుసార్లు చేయాలి: ఒకసారి సొంత రాష్ట్రం ఎంచుకుని, ఇంకోసారి కర్ణాటక ఎంచుకుని. పెళ్లైన ఆడవాళ్లు పుట్టింటి ఊరు, అత్తవారి ఊరు, బెంగళూరు మూడూ చూసుకోవాలి. మూడుచోట్లా పేరు బతికే ఉండటం అరుదేం కాదు.

దొరికిన పేజీలో జాబితాలో మీ బూత్‌కు చెందిన భాగం నంబరు, క్రమసంఖ్య, పోలింగ్ కేంద్రం ఉంటాయి. ఈ మూడూ ఫొటో తీసుకుని ఉంచండి. జాబితా మొత్తం పీడీఎఫ్ కూడా దించుకోవచ్చు కానీ అది బొమ్మ రూపంలో ఉంటుంది, అందులో పేరు టైపు చేసి వెతకడం కుదరదు. క్రమసంఖ్య తెలిస్తేనే పేజీ తొందరగా దొరుకుతుంది.

ఫారం 8తో బదిలీ

ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. ఊళ్లో ఓటున్న మనిషి బెంగళూరులో ఓటు కావాలంటే నింపాల్సింది ఫారం 6 కాదు, ఫారం 8. ఆరు అనేది ఇంతవరకు ఎక్కడా ఓటు లేనివాళ్లకు. ఏడు పేరు తొలగింపునకు. ఎనిమిది చిరునామా మార్పు, తప్పుల సవరణ, కొత్త కార్డు, వికలాంగుల గుర్తింపు నాలుగింటికీ. 2022 ఆగస్టుకు ముందు ఊరు మారితే ఫారం 6 నింపమనేవారు, అందుకే పాత సలహా ఇంకా చెలామణిలో ఉంది. ఇప్పుడు ఓటున్నవాళ్లు ఫారం 6 నింపితే కొత్త ఎపిక్ నంబరు పుడుతుంది, పాతది అక్కడే ఉండిపోతుంది. చాలా జంట ఓట్లు ఇలా పుట్టినవే.

ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్‌లో గానీ ఎన్నికల సంఘం యాప్‌లో గానీ మొబైల్ ఓటీపీతో లోపలికి వెళ్లి ఫారం 8 తెరవండి. ఎపిక్ నంబరు ఇవ్వగానే మీ పాత వివరాలు వస్తాయి, సరిచూసుకుని "నివాసం మార్పు" ఎంచుకోండి. ఒక ఫారంలో ఒక్క పనే. చిరునామా, పేరులో తప్పు రెండూ మార్చాలంటే ముందు చిరునామా మార్పించి, అది ఆమోదం అయ్యాక సవరణకు ఇంకో ఫారం పెట్టాలి.

నియోజకవర్గం ఎంచుకునేటప్పుడు ఏరియా పేరు నమ్మొద్దు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ మహదేవపుర అసెంబ్లీ కిందికి వస్తాయి, అది బెంగళూరు సెంట్రల్ లోక్‌సభలో ఉంది. పక్కనే ఉన్న కె.ఆర్.పుర నార్త్‌లోకి వెళుతుంది. హెచ్ఎస్ఆర్ లేఔట్ బొమ్మనహళ్లిలో, అంటే సౌత్‌లో. బీటీఎం లేఔట్ అనే పేరుతో ఒక నియోజకవర్గం ఉన్నంత మాత్రాన ఆ పేరు చెప్పుకునే వీధులన్నీ అందులో లేవు. మీ అంతస్తులో ఇప్పటికే ఇక్కడ ఓటున్న పొరుగువాళ్లను అడిగి వాళ్ల నియోజకవర్గం, భాగం నంబరు చూసుకోవడం అన్నిటికంటే సులువు.

చిరునామా రుజువు దగ్గర అద్దెవాళ్లకు చిక్కు. ఫారం అడిగేవి: ఆ చిరునామాకు వచ్చే కరెంటు, నీళ్ల, గ్యాస్ బిల్లు, కనీసం ఏడాదిది, ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, భూమి రికార్డు, రిజిస్టరైన అద్దె పత్రం, రిజిస్టరైన కొనుగోలు పత్రం. బెంగళూరులో అందరి దగ్గరా ఉండేది ఈ-స్టాంపు కాగితం మీద రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంటు, అది రిజిస్టర్ కాదు కాబట్టి లెక్కలోకి రాదు. బెస్కాం కరెంటు బిల్లు ఇంటి ఓనరు పేరు మీద ఉంటుంది, అదీ పనికిరాదు. బిల్లు మీ పేరునో, అదే చిరునామాలో ఇప్పటికే ఓటున్న తల్లిదండ్రుల, భార్య లేదా భర్త, పెద్దైన పిల్లల పేరునో ఉండాలి. గ్యాస్ కనెక్షన్ మీ పేరున ఉంటే ఏడాది నాటి బిల్లు అట్టే పెట్టుకోండి. లేదంటే బ్యాంకు బ్రాంచికి వెళ్లి చిరునామా మార్పించి పాస్‌బుక్ ముద్రించుకోవడం, లేదా ఆధార్ చిరునామా మార్పించడం మిగిలిన దారులు. ఆధార్‌ను ఊరి చిరునామాతో ఉంచుకుని ఓటు ఇక్కడికి తెచ్చుకోవాలనుకునేవాళ్లకు పాస్‌బుక్కే నయం.

స్కాన్ రెండు ఎంబీలు దాటకుండా చూసుకోండి. కొత్త ఓటరు ఫొటో అయితే తెల్లటి వెనకతెర, ముఖం నిండుగా, 4.5 సెంటీమీటర్ల ఎత్తు, 3.5 వెడల్పు. 2025 సెప్టెంబరు నుంచి ఆన్‌లైన్ ఫారాలకు ఆధార్‌కు లింకైన మొబైల్‌తో ఈ-సైన్ అడుగుతున్నారు. ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు పాత ఊరిదై, రీచార్జి లేక పోయి ఉంటే పని అక్కడే ఆగుతుంది. ముందుగా ఆ నంబరు మార్పించుకోండి.

కన్నడ గడి ఒకటుంటుంది, దాన్ని చూడకుండా దాటేయకండి. పేరు ఇంగ్లిష్‌లో కొట్టగానే పక్కన కన్నడలో దానంతటదే పడుతుంది, యంత్రం చేసే పని కాబట్టి దాసరి డసారి అవుతుంది, పద్మ పడ్మ అవుతుంది, లత లథ అవుతుంది. బూత్‌లో అధికారి దగ్గర ఉండేది కన్నడ జాబితా కావచ్చు. మన అక్షరాలకు దగ్గరగానే ఉంటాయి కాబట్టి కూడబలుక్కుని చదివి, తెర మీదే సరిచేయండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే ఉంచండి. రెండు కార్డుల్లో రెండు రకాలుగా ఉంటే తర్వాత ప్రతిచోటా వివరణ ఇచ్చుకోవాలి.

పంపాక వచ్చే రిఫరెన్స్ నంబరు దాచుకోండి. దరఖాస్తు బీఎల్ఓకు, అంటే బూత్ స్థాయి అధికారికి వెళుతుంది, ఆయనో ఆవిడో మీ ఇంటికి వచ్చి చూసి రాయాలి. బీఎల్ఓలు ఎక్కువగా బడి టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు. సొంత పని అయ్యాక సాయంత్రాలు తిరుగుతారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేస్తే "ఆ చిరునామాలో లేరు" అని రాసుకుని వెళ్లిపోతారు, దరఖాస్తు తిరస్కారమవుతుంది. అందుకని మూడు పనులు చేయండి. గేటు రిజిస్టర్‌లో మీ పేరు, ఫ్లాట్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. బీఎల్ఓ వస్తే ఫోన్ చేయమని సెక్యూరిటీకి చెప్పండి. జాబితా వెతికే చోటే బీఎల్ఓ పేరు, నంబరు ఉంటాయి, ముందే మీరే ఫోన్ చేయండి. "విళాస బదలాగిదె, ఫారం ఎంటు హాకిద్దీవి" అన్నంత కన్నడం చాలు. మతదారర పట్టి అంటే ఓటరు జాబితా, మతగట్టె అంటే పోలింగ్ బూత్, భాగ సంఖ్యె, క్రమ సంఖ్యె మనకు తెలిసినవే. పీజీలో ఉండేవాళ్లు పీజీ ఓనరుకు కూడా చెప్పి పెట్టుకోవాలి, "మా దగ్గర పర్మనెంటు ఎవరూ లేరు" అని ఆయన అనేస్తే ఇక అంతే.

తిరస్కరిస్తే పదిహేను రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కాకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. కాగితాలు సరిగ్గా ఉండి బీఎల్ఓ కలవకపోవడమే కారణమైతే, అప్పీలు కంటే ఫారం మళ్లీ పెట్టడమే తొందరగా తేలుతుంది.

ఇప్పటికే రెండుచోట్లా ఉంటే

ఉంచుకోవాలనుకున్న చోట తాకకండి. రెండో చోట, ఆ చోటి ఎపిక్ నంబరుతో ఫారం 7 పెట్టి "ఇంకోచోట నమోదైంది" అన్న కారణం ఎంచుకోండి. ఆమోదమయ్యాక వారం పది రోజులకు మళ్లీ వెతికి, ఒక్కచోటే కనబడుతోందో లేదో చూడండి. ఉంచుకోవాల్సినది పోయి, పోవాల్సినది ఉండిపోయిందని తేలితే ఎన్నికలకు ముందు సరిచేసుకునే వ్యవధి కావాలి కదా.

దీన్ని వాయిదా వేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. 2025లో బిహార్‌లో జాబితాను ప్రత్యేకంగా, ఇంటింటికీ ఫారాలిచ్చి సవరించినప్పుడు ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చెప్పిన ముఖ్య కారణాలు మరణం, శాశ్వతంగా వలస, రెండుచోట్ల నమోదు. అలాంటి సవరణలో బెంగళూరులో ఉంటూ ఊళ్లో పేరున్న మనిషి సరిగ్గా రెండో, మూడో కారణం కింద పడతాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి రెండు పేర్లూ ఒకేసారి పోయే వీలుంది: ఊళ్లో లేడని అక్కడ కొట్టేస్తారు, ఫారం నింపలేదని ఇక్కడ.

తేదీల మాట క్లుప్తంగా. పద్దెనిమిది నిండటానికి ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు లెక్క: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు దాటిన పిల్లలు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నామినేషన్ల చివరి రోజు తర్వాత జాబితాలో పేరు చేర్చరు. దరఖాస్తు పరిశీలనకు వ్యవధి కావాలి కాబట్టి ఆ రోజుకు కనీసం పది రోజుల ముందే పెట్టి ఉండాలి. ఎన్నికల షెడ్యూలు ప్రకటించాక కదిలేవాళ్లకు మిగిలేది చాలా తక్కువ.

ఊరికి వెళ్లి వేసేవాళ్లకు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు. 2024లో షెడ్యూలు మార్చి 16న వచ్చింది, ఆంధ్రలో పోలింగ్ మే 13న, అంటే యాభై ఎనిమిది రోజులు. ఆ లెక్కన ప్రకటన వచ్చే సరికే టికెట్లు తెరిచి ఉంటాయి. శేషాద్రి, ప్రశాంతి, కొండవీడు లాంటివి ఆ సాయంత్రానికే వెయిటింగ్‌లోకి పోతాయి. వెళ్లే టికెట్ కంటే పోలింగ్ రాత్రి తిరుగు టికెట్ ముందు చూసుకోండి, దొరకనిది అదే.

సెలవు అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135-బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజున ఓటు హక్కున్న ఉద్యోగికి జీతంతో సెలవు ఇవ్వాలి. ఓటు ఉన్న నియోజకవర్గం వెలుపల పనిచేసేవాళ్లకూ, రోజుకూలీలకూ ఇది వర్తిస్తుందని ఎన్నికల సంఘం చెబుతూ వస్తోంది. ఉల్లంఘించిన యజమానికి జరిమానా 500 రూపాయలే, దానికి ఎవరూ భయపడరు. కానీ హెచ్ఆర్‌కు మెయిలులో సెక్షన్ నంబరు, జాబితాలో మీ పేరున్న పేజీ జతచేసి పంపితే కాదనడం కష్టం.

చాలాకాలం ఊళ్లో లేకపోతే మీ పేరు పక్కన గుర్తు పడి ఉండవచ్చు: ఇంట్లో లేనివారు, వలస వెళ్లినవారు, చనిపోయినవారి విడి జాబితా (ఏఎస్‌డీ) ఒకటి ప్రతి బూత్‌లో ఉంటుంది. అందులో పేరున్నా ఓటు పోయినట్టు కాదు. గుర్తింపు కార్డు క్షుణ్నంగా చూస్తారు, వేలిముద్ర తీసుకుంటారు, అంతే. "నీ పేరు ఏఎస్‌డీలో ఉంది, వెళ్లిపో" అని ఎవరైనా ఏజెంటు అంటే ప్రిసైడింగ్ అధికారి దగ్గరికి వెళ్లండి.

బూత్‌లో

ఎన్నికల సంఘం ఇచ్చే ఓటరు చీటీ ఒక్కటే చూపిస్తే 2019 నుంచి చెల్లదు. ఓటరు కార్డు గానీ, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పాస్‌బుక్ లాంటి అనుమతించినవాటిలో ఒకటి గానీ చేతిలో ఉండాలి. ఫోన్‌లో చూపిద్దామంటే ఫోన్‌ను లోపలికి రానివ్వరు. ఈ-ఎపిక్ దించుకున్నవాళ్లు దాన్ని ముద్రించుకుని వెళ్లాలి. కార్డు ఉండి జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు, పేరుండి కార్డు లేకపోతే వేరే గుర్తింపుతో ఉంది. ఏటా దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని గొడవపడేవాళ్లుంటారు.

ఓటింగ్ యంత్రాలను చేసేవి రెండే ప్రభుత్వ సంస్థలు, బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్, హైదరాబాద్‌లో ఈసీఐఎల్. అధికారి కంట్రోల్ యూనిట్ మీద బ్యాలట్ మీట నొక్కాక మీ ముందున్న యూనిట్‌లో ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. అది వెలగకుండా నీలం మీట నొక్కితే ఏమీ జరగదు. వెలిగాక నొక్కితే అభ్యర్థి పక్కన ఎర్ర దీపం, పక్కనున్న వీవీప్యాట్ కిటికీలో వరస సంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ ఏడు సెకన్లు, ఆ తర్వాత బీప్. చీటీ తెగి లోపల పడుతుంది, మీ చేతికి రాదు. బీప్ వినబడేదాకా కదలకండి. కొందరు ఎర్ర దీపం చూసి కిటికీ వైపు చూడకుండానే బయటికి వస్తారు, తర్వాత "చీటీ రాలేదు" అంటారు.

చీటీలో వేరే గుర్తు కనిపిస్తే అక్కడే, ఆ క్షణమే చెప్పాలి. 49-ఎంఏ నిబంధన కింద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే ఏజెంట్ల ముందు పరీక్ష ఓటు వేయిస్తారు. నిజమైతే పోలింగ్ ఆపేస్తారు, అబద్ధమని తేలితే శిక్ష ఉంటుంది. కాబట్టి కళ్లజోడు పెట్టుకుని చూడటం మంచిది.

మీ పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి పోయారంటే ఇంటికి రాకండి. టెండర్ ఓటు అడగండి. యంత్రం మీద కాకుండా కాగితం బ్యాలట్ ఇస్తారు, కవర్లో వేరుగా ఉంచుతారు. మామూలు లెక్కింపులో దాన్ని లెక్కపెట్టరు, తేడా తక్కువై కోర్టుకు వెళ్లినప్పుడే అక్కరకొస్తుంది. అయినా దొంగ ఓటు పడిందన్న రికార్డు దానివల్లే పుడుతుంది.

ఫోన్‌లో ఓటు, తప్పనిసరి ఓటు

"డబ్బులు ఫోన్‌లో పంపుతున్నాం, ఓటెందుకు వేయలేం" అన్నది బెంగళూరులో అందరి నోటా వచ్చే ప్రశ్న. ఖమ్మంలో 2021 అక్టోబరులో ఫోన్ ఓటింగ్‌కు నమూనా పరీక్ష చేశారు. వలస వెళ్లినవాళ్ల కోసం దూరం నుంచే ఓటేసే యంత్రాన్ని 2023 జనవరిలో పార్టీలకు చూపించబోయారు, పార్టీలు ఒప్పుకోలేదు. డబ్బు పంపితే ఎవరికి ఎంత వెళ్లిందో ఇద్దరికీ రికార్డు ఉంటుంది, తప్పైతే వెనక్కి తెప్పించుకోవచ్చు. ఓటుకు ఆ రికార్డే ఉండకూడదు. పైగా ఇంట్లో ఫోన్ పట్టుకుని ఓటేసేటప్పుడు పక్కన ఎవరు నిలబడి చూస్తున్నారో, డబ్బిచ్చినవాడే చూస్తున్నాడో, ఏ సర్వరుకూ తెలియదు. బూత్‌లో ఆ అట్టపెట్టె మరుగు ఇచ్చే రహస్యాన్ని ఇంకా ఏ యాప్ ఇవ్వలేదు.

తప్పనిసరి ఓటు గురించి వాదించేవాళ్లు ముందు ఆచరణ చూడాలి. గుజరాత్ స్థానిక ఎన్నికలకు ఆ చట్టం తెచ్చి, 2015లో వంద రూపాయల జరిమానా నిబంధన పెట్టింది. ఆ ఆగస్టులోనే హైకోర్టు ఆపింది. అదే ఏడాది లా కమిషన్ తన 255వ నివేదికలో దేశానికి ఇది వద్దంది. కర్ణాటక గ్రామ పంచాయతీలకు ఓటు విధి అని చట్టంలో రాసుకుంది కానీ శిక్ష పెట్టలేదు. మన 1951 చట్టమే 79వ సెక్షన్‌లో ఓటు వేయకుండా ఉండటాన్ని కూడా ఎన్నికల హక్కులో భాగమంటుంది.

ఆస్ట్రేలియాను చూపిస్తారు. అక్కడ 1924 నుంచి తప్పనిసరి, జాతీయ ఎన్నికలో మానితే 20 డాలర్లు. కానీ అక్కడ పోలింగ్ శనివారం, తమ రాష్ట్రంలో ఏ కేంద్రంలోనైనా వేయవచ్చు, ముందే వేయవచ్చు, పోస్టులో పంపవచ్చు. అవన్నీ ఇచ్చాకే జరిమానా. ఇక్కడ ఒకే ఒక్క బడిలో ఒకే ఒక్క గదికి రమ్మంటాం. ఆ గది ఆరువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషికి వంద రూపాయల నోటీసు పంపితే లాభమేంటి? పైగా నోటీసు ఎవరికి వెళుతుంది? బెంగళూరు జాబితాలో ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసినవాళ్లు, చనిపోయినవాళ్లు, రెండు పేర్లున్నవాళ్లు ఉన్నారు. 53 శాతం అన్న లెక్కలో కింది అంకె, అంటే జాబితాలోని మొత్తం పేర్ల సంఖ్యే అనుమానం. ఇంకో చిన్నమాట: బెంగళూరు నగర పాలక సంస్థ బీబీఎంపీకి చివరి ఎన్నిక 2015లో జరిగింది, 2020 సెప్టెంబరుతో గడువు తీరింది, ఆ తర్వాత అయిదేళ్లు గడిచినా ఎన్నిక జరగలేదు. ఓటు తప్పనిసరి చేసే ముందు ఎన్నిక తప్పనిసరిగా పెడితే బాగుండేది.

నోటా కూడా ఈ వాదనలోకి వస్తుంది. 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ఆ మీట మీ అసమ్మతిని లెక్కిస్తుంది, ఫలితాన్ని మార్చదు. 2024లో ఇండోర్‌లో నోటాకు రెండు లక్షలకు పైగా పడ్డా గెలిచినవాళ్లు గెలిచారు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ వాదన నడిపేవాళ్లు చేయగల పని ఒకటుంది. మీ భాగం జాబితా దించి ముద్రించండి, వెయ్యి పన్నెండొందల పేర్ల లోపు ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే ఒక మధ్యాహ్నం పని. ఫ్లాట్ల వారీగా మూడు గుర్తులు పెట్టండి: ఉన్నారు, వెళ్లిపోయారు, చనిపోయారు. వెళ్లిపోయినవాళ్లకు మీరే ఫారం 7 పెట్టేయకండి, ముందు ఫోన్ చేసి వాళ్లచేతే ఫారం 8 పెట్టించండి. ఒకరి పేరు ఇంకొకరు కొట్టించడం ఎంత దూరం పోతుందో కలబురగి జిల్లా ఆళంద చూపింది: 2023 ఎన్నికకు ముందు అక్కడ ఆరువేల పైచిలుకు ఫారం 7లు వస్తే పరిశీలనలో సరైనవిగా తేలినవి 24. అభ్యంతరం చెప్పేవాళ్లకు అదే నియోజకవర్గంలో ఓటు ఉండాలి, అబద్ధమైతే అదే 31వ సెక్షన్. చనిపోయినవాళ్ల విషయంలో మాత్రం ఇంట్లోవాళ్లను అడిగి, మరణ ధ్రువపత్రం నకలు జతచేసి, ఒక్కొక్కరికి ఒక్కో ఫారం పెట్టండి. గంపగుత్తగా ఇస్తే తీసుకోరు.